ఏటికిచ్చిన ఆకులు

కోడలు చిన్నమ్మలు తన మామగారు రాసిన తాటాకుల కట్ట విప్పి ఎండలో పరుస్తుంటే వీధిలోంచి ఎవరో ఆపారు.

"ఎండలో వద్దమ్మా. ఆకు విరిగిపోతుంది."

చంకలో గొడుగు, భుజాన గుడ్డసంచీ, మోకాళ్ల దాకా దుమ్ము. పేరు సత్తియ్యట. అనకాపల్లిలో రైలు దిగి మునగపాక దాకా నడిచే వచ్చాడట.

"విరిగితే ఏటి బాబూ? రేపు మా మావగారి సంవత్సరీకం. ఏట్లో కలిపేత్తాం."

ఆ మామగారు పశువుల వైద్యుడు. తనకు తెలిసిన మందులన్నీ ఈ ఆకుల మీదే రాసుకున్నాడు. యుద్ధం ఆగిన ఏడు పోయాడు. ఆయన గొలుసుకట్టు రాత చదివేవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు. చదివే దిక్కులేని పుస్తకాన్ని ఏటికిచ్చెయ్యడం వాళ్ల పద్ధతి.

సత్తియ్య అరుగు మీద కూలబడ్డాడు. మద్రాసులో ఇలాంటివి దాచే గ్రంథాలయం ఉందని, కట్ట ఇస్తే అక్కడికి చేరుస్తానని బతిమాలాడు. పద్దెనిమిదో ఏట అక్కడ ఆకులు తుడిచే పనికి చేరాడట. పదేళ్లు నూనె రాశాక గాని చేతికి కలం ఇవ్వలేదట.

చెరకు తోట నుంచి వచ్చిన ఆమె మొగుడు త్రినాధరావు అంతా విని నవ్వాడు.

"కట్టకింతని సర్కారోళ్లు ఇత్తారేటి నీకు?"

సత్తియ్య సంచీలోంచి కలం, కాగితాలు తీశాడు.

"పోనీ, ఈ పూటకి ఇవ్వు బాబూ. నకలు రాస్తాను."

సాయంత్రం దాకా అయితే సరేనన్నాడు త్రినాధరావు.

మొత్తం ఎనభై ఆకులు. ఒక్కోదానికీ నిమ్మగడ్డి నూనె రాసి, ముక్కుకి ఆనించుకున్నట్టు పట్టుకుని, ముందు అన్నీ చదివాడు. తర్వాత రాయడానికి కూర్చున్నాడు. పొద్దు గుంకేసరికి పదకొండు ఆకులే అయ్యాయి.

ఆ కాగితాలు తను పట్టుకుపోలేదు. రెండో తరగతి చదివిన చిన్నమ్మలుకి అందేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ఆమె చేతిలోనే పెట్టాడు.

"మరో రెండ్రోజులు ఉంచమ్మా."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను కట్ట లోపలికి పట్టుకుపోయాడు.

మర్నాడు ఆకులన్నీ శారదా నదిలో కలిశాయి.

గానుగలు ఆడే రోజుల్లో ఊరి ఎడ్లకి గాలికుంటు తగిలింది. వాళ్ల జత మేత ముట్టడం మానేసింది. చిన్నమ్మలు సత్తియ్య రాసిచ్చిన కాగితాలన్నీ వెతికింది. ఆ జబ్బుకి మందు వాటిలో లేదు.

త్రినాధరావు చాలాసేపు గొడ్ల దగ్గరే కూర్చుని లేచి వచ్చాడు.

"అతగాడు అన్నీ సదివేడు గదే. గేపకం ఉంటాది. మద్రాసుకి కార్డు రాయి. దారి కర్సులు మనవే ఇద్దాం."

రాసింది.

పన్నెండో రోజున గ్రంథాలయం నుంచి జవాబొచ్చింది. చిన్నమ్మలు కూడబలుక్కుంటూ పైకి చదివింది.

సత్తియ్యగారు ఇప్పుడెక్కడున్నారో తెలియదనీ, ఆయన ఉద్యోగం చాలించి ఆరేళ్లయిందనీ, మీ ఊరికి ఆయన్ని ఎవరూ పంపలేదనీ ఉంది అందులో.