మొదట నీళ్ళు చూడాలి

"గాలి వస్తోందిగా టీచరమ్మా?" హాల్లో పైకప్పు జాలీ కింద అరచెయ్యి చాపి నిలబడ్డారు మెకానిక్.

"వస్తోంది అన్నయ్యా, వేడిగా. దీనికంటే విసనకర్ర నయం."

ఇల్లంతటికీ ఒకటే ఏసీ. యంత్రంలో సగం నడవా అటక మీద, సగం పెరట్లో. అటక నుంచి గొట్టాల్లో గాలి నాలుగు గదులకూ వెళ్తుంది. పదిహేనేళ్ళ క్రితం దాన్ని బిగించింది ఈయనే. ఆ వీధిలో సగం ఇళ్ళ ఏసీలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేవారు.

ఎనిమిది నెలలుగా ఆయన పనిముట్ల సంచి ముట్టుకోలేదు. భార్య పోయిన మధ్యాహ్నం ఆయన ఎవరింటి డాబా మీదో ఉన్నారు. ఫోను కింద సంచిలో మోగి మోగి ఆగిపోయింది. ఆవిడా టీచరమ్మా ఇరవై రెండేళ్ళు ఒకే బడిలో, పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పారు. ఆ మధ్యాహ్నం గురించి టీచరమ్మ ఆయన్ని ఎన్నడూ అడగలేదు.

"ఇదొక్కటే చూస్తానమ్మా. ఎల్లుండి మా తమ్ముడొచ్చి సంచి పట్టుకెళ్తాడు. ఇక ఈ పని వద్దనుకున్నాను. మీరు నాలుగుసార్లు ఫోన్ చేశారని వచ్చాను."

"ఐదుసార్లు."

"సరే, ఐదు. లెక్కల టీచరుతో పెట్టుకున్నాను."

"సాయంత్రం పదిమంది పిల్లలు ట్యూషన్‌కి వస్తారు. ఈ ఉక్కలో వాళ్ళకి కూడికలు కూడా రావు."

ఆయన ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, జేబుకి గుండీ పెట్టి, పని మొదలుపెట్టారు.

గోడ మీద థర్మోస్టాట్ ఇరవై నాలుగు మీద ఉంది. గదిలో చూస్తే ముప్పై మూడు. ఫిల్టర్ లాగి వెలుతురుకి పట్టారు.

"ఎప్పుడు కడిగారు?"

"మొన్ననే."

"అబ్బో! ఈ వీధిలో ఫిల్టర్ కడిగే ఇల్లు ఇదొక్కటే."

పెరట్లో బయటి పెట్టె ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఆయన చెవి ఆనించి విన్నారు. మూత విప్పబోతే స్క్రూడ్రైవరు గాడిలో కుదరక రెండుసార్లు జారింది. మీటరు పెట్టి ఒక్కొక్కటే చూశారు. కెపాసిటర్ బాగుంది. తీగలూ బాగున్నాయి. అరగంట గడిచింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

చివరికి మూత బిగించి గట్టు మీద కూర్చున్నారు.

"అంతు చిక్కడం లేదమ్మా. ఇదివరకైతే పది నిమిషాల పని. నా చెయ్యి పోయింది. ఇంకెవరినైనా పిలుచుకోండి."

టీచరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగింది.

"లెక్క తేలకపోతే పిల్లలేం చేస్తారో తెలుసా అన్నయ్యా? చివరి మెట్టు దగ్గరే చెరిపి రాసి, చెరిపి రాసి కూర్చుంటారు. కాగితం చిరుగుతుంది గానీ లెక్క తేలదు. మొదటి మెట్టు నుంచి మళ్ళీ చెయ్యమంటాను."

"మా ఇంట్లోనూ ఈ మాటే వినేవాణ్ణి," అన్నారాయన నెమ్మదిగా.

ఎనిమిది నెలల్లో ఆయన భార్య ఊసెత్తడం అదే మొదలు. టీచరమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"మొదటి మెట్టంటే..." ఆయన నుదురు తుడుచుకున్నారు. "మొదట నీళ్ళు చూడరా అనేవాడు మా గురువు. చల్లబడ్డ యంత్రానికి చెమట పడుతుంది. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడకుండా స్క్రూ ముట్టుకుంటే వేళ్ళమీద కొట్టేవాడు. నేనేమో కరెంటు పట్టుకుని వేలాడుతున్నాను!"

లేచి నిచ్చెన వేశారు. టీచరమ్మ కింద గట్టిగా పట్టుకుంది. అటక మీంచి ఆయన గొంతు వినిపించింది. పాత గొంతు.

"అమ్మా! యంత్రం కింద పళ్ళెం నిండా నీళ్ళే! నీళ్ళు నిండితే ఇందులో బెండు పైకి తేలి, బయటి పెట్టెని ఆపేస్తుంది, ఇల్లు తడవకుండా. పాపం దాని పని అది చేసింది. నీళ్ళు బయటికి పోయే పైపే ఎక్కడో మూసుకుపోయింది."

ఆయన నిచ్చెన దిగారనేకంటే దూకారనాలి. పెరటి గోడ కింద, మొక్కల వెనక పైపు కొస వెతికి, మోకాళ్ళ మీద కూర్చుని ఇనప తీగతో పొడిచారు. వేలెడంత మట్టిముద్ద ఊడిపడింది. ఆ వెనకే నీళ్ళు భళ్ళున దూకి ఆయన్ని మోకాళ్ళదాకా తడిపాయి.

"కుమ్మరి పురుగు! గూడు కట్టుకోడానికి దానికి మీ పైపే దొరికింది."

"ఎంత పని చేసింది!"

"ఇంత గట్టిగా కూరిన పురుగుని నా సర్వీసులో చూడలేదు. ఇంజనీరింగు చదివినట్టుంది."

ఆయన నవ్వారు. బయటి పెట్టె ఒకసారి గుర్రుమని, తిరగడం మొదలుపెట్టింది. తడిబట్టలతోనే హాల్లోకి వచ్చి జాలీ కింద చెయ్యి చాపారు. చల్లటి గాలి వేళ్ళకు తగిలేదాకా అలాగే నిలబడ్డారు.

"పైపు కొసకి చిన్న జాలీ కట్టాలమ్మా. వచ్చే వారం నేనే తెచ్చి కడతాను."

"ఎల్లుండి సంచి పోతుందన్నారుగా?"

ఆయన సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర కాసేపు ఆగారు.

"తమ్ముణ్ణి ఇంకో వారం ఆగమంటాలెండి. జాలీ కట్టాలన్నా పనిముట్లు కావాలిగా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఎవరింట్లోనైనా ఇలా ఉంటే చెప్పండి. ఈ కాలంలో పురుగులు ఎక్కువ."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, టీచరమ్మ లోపలికి వచ్చి పక్కింటావిడకి ఫోన్ చేసింది.

"రేపు మీ ఏసీ పాడవ్వాలి వదినా."