తడవకూడని కాలు

పరాయి దేశంలోని ఒక వృద్ధాశ్రమానికి మా చర్చి ఆడవాళ్ళం సేవకని వెళ్ళాం. యేసు శిష్యుల పాదాలు కడిగినట్టు మేము ముసలివాళ్ళ పాదాలు కడగాలి. నా వంతుకొచ్చిన ముసలమ్మ పాదం పట్టుకోగానే ఆగిపోయాను. గంటలకొద్దీ బట్టలుతికిన చేతుల్లా అరికాలు తెల్లగా నాని ముడతలు పడి ఉంది. మడమ మీద పచ్చి పుండు.

"పొద్దుట్నుంచి రెండు చర్చిలవాళ్ళు కడిగి వెళ్ళారమ్మా," అంది మన భాష వచ్చిన ఆయా. "పుండు తడపొద్దని నర్సు మొత్తుకుంటూనే ఉంది."

"మరెందుకు కూర్చోబెట్టావు? బుద్ధుందా నీకు?"

"కూర్చోబెట్టకపోతే విరాళాలు ఆగిపోతాయి. అప్పుడు వీళ్ళకి మీరొచ్చి వండిపెడతారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పాస్టరమ్మతో, "ఈవిడ కాళ్ళు నేను కడగను," అన్నాను.

"గొడవెందుకక్కా? ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఫొటో చూపించాలా వద్దా? ఒక్క చెంబు పోస్తే చాలు."

"ఆ చెంబేదో మీ నెత్తిన పోసుకోండి!"

నీళ్ళ పళ్ళేన్ని పక్కకి నెట్టేసి లేచాను. కోపానికి కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి.

ముసలమ్మ వంగి పళ్ళేన్ని దగ్గరకు లాక్కుంది. పళ్ళు బిగబట్టి పుండున్న కాలు తనే నీళ్ళలో పెట్టింది. నా చెయ్యి పట్టి కిందకి లాగి, కన్నీళ్ళు తుడిచి, ఏదో చెప్పింది.

"ఏమంటోంది?" అనడిగాను.

ఆయా నా మొహం చూడలేదు.

"ఏడవకు బిడ్డా, నీ ఫొటో కూడా బాగానే వస్తుంది, అంటోందమ్మా."