ముందుకు తిప్పిన ముల్లు

ఉగాది వెళ్ళిందంటే చాలు, ఆమదాలవలస రైలుకట్ట పక్కనున్న బియ్యం మిల్లులో గడియారం ముల్లును గంట ముందుకు తిప్పేస్తారు. చల్లపూట పని మొదలుపెట్టడానికట. దసరా అయ్యాక మళ్ళీ వెనక్కి. మగవాళ్ళకు బాగానే ఉంది, పెందరాళే ఇంటికొచ్చేస్తారు. చీకట్లో లేచి పొయ్యి రాజెయ్యాల్సింది ఆడవాళ్ళు.

అరవై ఎనిమిది వేసవిలో మిల్లు వీధి ఆడవాళ్ళకు ఓపిక నశించింది. చంటిదాన్ని చంకనేసుకుని గున్నమ్మ ముందు నడిచింది. అందరూ వెళ్ళి గేటు దగ్గర మేనేజరు నరసింగరావును నిలదీశారు. గేటు దాటి లోపలికి వెళ్ళిన ఆడమనిషి ఆ వీధిలో లేదు.

"గడియారం మీది, తిప్పుకోండి బాబూ. సూరీడు కూడా మీవోడేనా?" అంది గున్నమ్మ. "రేత్రంతా ఈ పిల్ల ఏడుపు. కన్నంటుకునీపాటికి లెగాల. మా గంట నిద్దర మాకిచ్చీండి. ఆ ముల్లు తిప్పడం మానీండి."

నరసింగరావు మహా పద్ధతి మనిషి.

"పొద్దున మిల్లు కూత పడేసరికి అందరూ లోపలే ఉంటున్నారు కదమ్మా! ఇబ్బందేముంది? సరే, రేపు నేనే గేటు దగ్గర నిలబడతాను. మిల్లు కూత పడ్డాక ఒక్కడు వచ్చినా చాలు, ముల్లు వెనక్కి తిప్పించేస్తాను. అందరూ వేళకు వస్తే మాత్రం మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. దారిలో పక్కింటి తవిటమ్మ గున్నమ్మను గిల్లింది.

"ఒదినా, నీ మొగుడుండగా మనకేటి బయం?"

నిజమే. గున్నమ్మ మొగుడు అసిరయ్య నిద్ర సంగతి వీధంతటికీ తెలుసు. పక్కన బ్యాండుమేళం వాయించినా కదలడు. రోజూ గున్నమ్మే మొహాన నీళ్ళు కొట్టి లేపి మిల్లుకు తోలుతుంది.

మర్నాడు లేపలేదు.

ఆడవాళ్ళంతా గేటు ముందు చేరారు. మగవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు. పొద్దెక్కింది. నరసింగరావు చేతి గడియారం చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకసారి విదిలించి చూశాడు.

అంతలో అసిరయ్య పంచె ఎగ్గట్టుకుంటూ పరుగున వచ్చి లోపలికి దూరాడు.

"అదిగో బాబూ, ఆలీసం! నా పెనిమిటే!" అని అరిచింది గున్నమ్మ. మొగుడు పనికి ఆలస్యమయ్యాడని అంతగా మురిసిపోయిన ఇల్లాలు జిల్లా మొత్తంలో ఇంకొకరు ఉండరు.

"ఆలస్యమేమిటమ్మా? కూత ఇంకా పడలేదుగా!" అన్నాడు నరసింగరావు.

కాసేపటికి కూత పడింది. నరసింగరావు తన గడియారాన్ని దాని ప్రకారం సరిచేసుకున్నాడు.

"పాడు గడియారం, ఎండకి పరుగులు తీస్తోంది. చూశారుగా? ఒక్కడూ ఆలస్యం కాలేదు. ఇక ఇళ్ళకు వెళ్ళండి."

గున్నమ్మకు ఏడుపొచ్చింది. చేతికందిన గంట నిద్ర జారిపోయింది మరి. తవిటమ్మ ఆమెను ఓదార్చకపోగా, నీ మొగుణ్ణి నమ్ముకోవడం మాదే బుద్ధి తక్కువని మూతి తిప్పింది.

సాయంత్రం అసిరయ్యను గున్నమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటి మావా, రోజూ సీకటితో పడీ కూత ఇయ్యాల అంత పొద్దెక్కినా పడనేదేటి?"

అసిరయ్య తీరుబడిగా ఆవలించాడు.

"గొలుసు లాగి కూత ఏసీవోణ్ణి నాను ఇంటికాడ తొంగుంటే, అదెలా పడతాదే?"