రాయి కింద గరిక దండ

ఆ అడవిలో వానకి మొక్కేవాళ్ళు మెడలో గరిక దండ వేసుకుంటారు, ఎండకి మొక్కేవాళ్ళు నుదుట ఎర్రమట్టి బొట్టు పెట్టుకుంటారు. ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరి నీళ్ళు వాళ్ళవి.

ఆ ఏడు వానవాళ్ళ వాగు ఎండిపోయింది. చారలయ్య అనే వానవాళ్ళ ఉడుత నాలుక పిడచగట్టి, ఎండవాళ్ళ మడుగుకి బయల్దేరాడు. గట్టు కనబడేసరికి, వానవాణ్ణని తెలిస్తే తరిమేస్తారనుకున్నాడు. మెడలో దండ తీసి రాయి కింద దాచేశాడు. ఇంత ఎర్రమట్టి తీసి నుదుట పులుముకున్నాడు.

మడుగు దగ్గర ముసలి తాబేలవ్వ ఎదురైంది.

"ఎవరు నాయనా?"

"మీవాణ్ణే అవ్వా!"

"అయితే కడుపారా తాగు. తాగి, ఒక్క పని చేసిపెట్టు. పాపం, గరిక దండలవాళ్ళ వాగు ఎండిపోయిందట. మనమంటే భయమో ఏమో, ఒక్కరూ ఇటు రారు. నేనా, అంత దూరం నడవలేను. ఈ ఈతపళ్ళు వాళ్ళకిచ్చి, నీళ్ళకి రమ్మన్నానని చెప్పు. ఆ దండలతోనే రమ్మను."

నేనూ వాళ్ళవాణ్ణే అందామనుకున్నాడు చారలయ్య, కానీ వంగి నీళ్ళు మాత్రం తాగాడు. పళ్ళ దొప్ప పట్టుకుని తలొంచుకుని వచ్చేశాడు. దారిలో బొట్టు గబగబా తుడుచుకుని, దండ మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

పళ్ళు చూసి భార్య మొహం విప్పారింది.

"చూశావా, దండ చూసి కూడా ఇచ్చారు! ఎంత మంచివాళ్ళయ్యా!" అంటూ దగ్గరికొచ్చి ఆగిపోయింది. "అయ్యో, నుదుట ఆ నెత్తురేంటి? ఎక్కడైనా పడ్డావా?"

"నెత్తురు కాదే," అన్నాడు చారలయ్య, నేలకేసి చూస్తూ. "నేనే పెట్టుకున్నాను."