కిందికి కొట్టిన మేకు

వంతెన మునిగిన వరద వచ్చిన ఏడాది అది. నీళ్ళు తగ్గాక దర్జీకి అద్దెకు ఇల్లు దొరికింది.

రెండే గదులు. రెండూ వీధి వైపే. చెరో కిటికీ. ముందు చిన్న వసారా.

తోపుడు బండి ఆగీ ఆగకముందే దర్జీ భార్య లోపలికి పరుగెత్తింది.

"ఏవండోయ్! నేల కడిగేసి ఉంది. బురద చుక్క లేదు!"

"అద్దెకిచ్చిన ఇంటావిడ మంచిదేనన్నమాట."

"మిషన్ ముందు గదిలో. అత్తయ్య మంచం రెండో గదిలో. బీరువా... బీరువా ఎక్కడ పెడదాం?"

"నా నెత్తిన పెట్టు," అన్నాడు దర్జీ, మంచం దించుతూ.

సాయంత్రానికి దర్జీ తల్లి వస్తోంది. కాళ్ళు పడిపోయి చాన్నాళ్ళయింది. కూతురింట్లో ఉంటోంది. 'ఒక్క రోజు ఉండి చూస్తాను. ఊపిరాడకపోతే తిరిగి పంపెయ్యండి' అని ముందే కబురు పెట్టింది.

ఆవిడ ఉండిపోవాలని కొడుకుకంటే కోడలికే తాపత్రయం.

"ఆవిడ లేకపోతే పోట్లాడ్డానికి నాకు దిక్కెవరండీ? మీరేమో నోట్లో సూది పెట్టుకుని కూర్చుంటారు."

రెండో గది తలుపు బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి తోసినా కదల్లేదు.

"కింద కాలితో కొట్టి, పైన తొయ్యండమ్మా."

వెనక్కి తిరిగి చూశారు. గుమ్మంలో ఎవరో ఒకాయన. చంకలో గొడుగు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

ఆయన చెప్పినట్టే చేస్తే తలుపు తెరుచుకుంది.

"ఇంటివాళ్ళ మనిషిలా ఉన్నాడు. మేకులు కొడతామేమోనని కాపలా," అని దర్జీ తన భార్య చెవిలో గొణిగాడు.

గొడుగాయన మంచం వైపు చూశాడు.

"ఎవరికమ్మా ఇది?"

"మా అత్తగారికండీ. లేవలేరు."

ఆయన పిడికిలి జేబులో పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. మంచం రెండో కొస పట్టుకున్నాడు.

"ఆ మూలకి వెయ్యండి. గాలి కొట్టకుండా ఉంటుంది," అంది దర్జీ భార్య.

"ముందు మీరక్కడ పడుకుని చూడండమ్మా."

"ఎవరు, నేనా?"

"నిలబడి సర్దితే నిలబడేవాళ్ళకే బాగుంటుంది."

ఆవిడ నవ్వుకుంటూ నేల మీద వెల్లకిలా పడుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఏవండీ, ఇక్కణ్ణుంచి గోడ తప్ప ఇంకేమీ కనిపించట్లేదు!"

ఇక ఆవిడకు హుషారొచ్చింది. ఈ మూల పడుకుంది. ఆ మూల పడుకుంది. అడ్డంగా, నిలువుగా, దొర్లుకుంటూ.

"ఇల్లు సర్దమంటే పడకేశావేంటే?"

"మీరూ పడుకోండి, తెలుస్తుంది!"

కిటికీ వైపు తల పెట్టి పడుకుంటే పక్క గోడ మీద చేతికేదో తగిలింది. మేకు.

"ఇంత కిందికి ఎవరు కొట్టారండీ దీన్ని?"

"చీమలు చొక్కాలు తగిలించుకోడానికేమో!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గొడుగాయన నవ్వలేదు.

"అద్దం ఉందామ్మా?"

"అమ్మో, అది గిరాకీలు కాలరు చూసుకునే అద్దం!" అన్నాడు దర్జీ. అప్పటికే భార్య తెచ్చి ఇచ్చేసింది.

మేకుకు అద్దం తగిలించి, ఒక అంచు వెనక గుడ్డముక్క దోపి, కిటికీ వైపు కాస్త తిప్పాడాయన.

ఆవిడ పడుకుని చూసి కేక పెట్టింది.

"వీధి! తల తిప్పకుండానే వీధంతా కనిపిస్తోందండీ! అదిగో సైకిలు! అదిగో ఎదురింటి పిల్లి!"

మంచం అక్కడే వేశారు.

"ఇక మేం చూసుకుంటాంలెండి," అన్నాడు దర్జీ.

గొడుగాయన గుమ్మం దగ్గర ఆగి, గదిని ఒకసారి చూశాడు.

"పొద్దున్న ఎండ మొహాన పడుతుంది. తెర కట్టండమ్మా."

వెళ్ళిపోయాడు.

"అయ్యో, టీ చుక్కైనా ఇవ్వలేదు."

"పనిలేని మనిషి. మళ్ళీ వస్తాడ్లే."

ఎండ తగ్గకముందే తల్లి వచ్చింది. మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ ఏమంటుందోనని ఇద్దరూ ఊపిరి బిగపట్టారు.

ఆవిడ అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఎదురింటామె బట్టలు తిరగెయ్యకుండా ఆరేస్తోందేంటే? రంగులు పోవూ? వెళ్ళి చెప్పు!"

కోడలు భర్త చెయ్యి గట్టిగా గిల్లింది.

"కూతురింట్లో నా పెట్టె ఉంది, తెప్పించు. ఈ మంచాన్ని ఎవరైనా జరిపారో, ఊరుకోను." చెయ్యి చాపి మేకును తడిమింది. "దీన్నెవర్రా కొట్టింది?"

"ముందే ఉందమ్మా."

"ఎవరో మంచాన పడ్డవాళ్ళ కోసం కొట్టిందిరా ఇది."

అప్పుడే ఇంటావిడ పలకరించడానికి వచ్చింది.

"నేల ఎంత బాగా కడిగించారండీ!" అంది దర్జీ భార్య.

"నేనెక్కడ కడిగించానమ్మా? ఇందాక మీ మంచం పట్టిన ఆ గొడుగాయనే రోజూ వచ్చి బురదెత్తి, కడిగి వెళ్ళాడట. మా ఆయన ఈ ఇల్లు ఆయనకు ఇస్తానన్నారట, తాళంచెవి కూడా ఇచ్చేశారు. నాతో ఒక్క ముక్క అనలేదు. నేనేమో మీకు మాటిచ్చాను. ఇందాక ఆయనే వచ్చి తాళంచెవి తిరిగిచ్చేశాడు. 'వాళ్ళ పెద్దావిడకు బాగా కుదిరిందండీ, ఉండనివ్వండి' అన్నాడు."

దర్జీ ఆ మేకు వైపు చూశాడు.

"మరి ఆయన?" అంది భార్య.

"వరదలో గోడ కూలి ఆయన భార్య నడుం విరిగింది. కదల్లేదు. ఇంకా బడి వరండాలోనే పడుకోబెట్టాడు."

మర్నాడు పొద్దున్నే దర్జీ మిషన్‌ను వసారాలోకి లాగి, ఖాళీ అయిన ముందు గదిలో కిటికీ వైపు తల పెట్టి నేల మీద పడుకుని, చెయ్యి చాపితే అందేచోట ఇంకో మేకు కొట్టి, తోపుడు బండి తీసుకుని బడి వైపు వెళ్ళాడు.