నలభై ఏడో లిఫ్టు

“పరీక్ష కాల్. లోపల ఎవరైనా ఉన్నారా? నా మాట వినిపిస్తోందా?”

పది అంకెలు లెక్కపెట్టింది. నలభై ఆరో లిఫ్టులోనూ ఎవరూ లేరు. రిజిస్టరులో టిక్కు పెట్టి, కుర్చీలో అటు తిరిగి ఇటు తిరిగి, సొరుగు లాగి చూసింది. రాజీనామా కాగితం నాలుగు మడతలతో పొద్దున పెట్టిన చోటే ఉంది. ఎక్కడికి పోతుంది? అయినా చూడటం ఇది ఆరోసారి.

లిఫ్టుల కంపెనీలో ఆమె ఉద్యోగం ఇదే. ఊళ్లో ఉన్న నూట పన్నెండు లిఫ్టులకూ రోజూ వరసగా ఫోన్ చేయాలి. లోపలున్న అత్యవసర ఫోన్ పనిచేస్తోందో లేదో చూడాలి. దాదాపు అన్నీ ఖాళీగానే ఉంటాయి. ఏ ఒక్కరో ఉంటే ఉలిక్కిపడి తిడతారు. ఆఫీసులో ఆమె పేరు మరిచిపోయి ‘వినిపిస్తోందా’ అనే పిలుస్తున్నారు. “ఇనప డబ్బాలతో కబుర్లు చెప్పడానికా నువ్వంత చదివింది?” అని ఇంట్లో అక్క ఎత్తిపొడుపు. మూడేళ్లుగా చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నట్టే ఉంది ఆమెకు. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటే తనూ ఒక ఖాళీ డబ్బా అయిపోతానేమోనని భయం పట్టుకుంది.

నలభై ఏడో లిఫ్టు ఒక్కటే వేరు. పదకొండూ పదికి దాని వంతు వస్తుంది. ఆ వేళకి ఒక పెద్దాయన అందులో తప్పకుండా ఉంటాడు. నిన్నా ఉన్నాడు.

“వినిపిస్తోందమ్మాయ్. నీ గొంతే బాలేదు. జలుబా?”

“జలుబు కాదు తాతగారూ, విసుగు. రేపటితో మానేస్తున్నాను.”



“ఇంతకన్నా మంచిది దొరికిందా?”

“ఏదీ దొరకలేదు. ఇది మాత్రం నావల్ల కాదు. గోడలతో మాట్లాడుతున్నట్టుంది.”

“అయితే నేను గోడనా?”

“మీరు ఈ వేళకి లిఫ్టెక్కుతారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మీదీ ఖాళీ డబ్బానే!”

“అదీ నిజమేలే,” అని నవ్వాడాయన. “ఇవాళ కొత్త చొక్కా వేసుకున్నాను, తెలుసా?”

“ఏం, ఎక్కడికి ప్రయాణం?”

“ఇక్కడిదాకానే.”

ముసలాయన చమత్కారి అనుకుంది. ఆ లిఫ్టులో ఇంకో విచిత్రం ఉంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మోటారు చప్పుడే వినిపించదు. నూనె బాగా పెట్టారని మెకానిక్ బాబాయ్‌ని ఒకసారి మెచ్చుకుంటే ఆయన పగలబడి నవ్వాడు. “నలభై ఏడా? అది ఐదంతస్తులూ మూలుగుతూ ఎక్కుతుంది తల్లీ! ముందు నీ చెవులు చూపించుకో.”

ఇవాళ కూడా పదకొండూ పది అయింది. ఆఖరిసారి కదా అని గొంతు సవరించుకుంది.

“పరీక్ష కాల్. తాతగారూ, వినిపిస్తోందా?”

పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. జవాబు లేదు. రెండు నిమిషాలాగి మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. మిగిలిన అరవై అయిదు లిఫ్టులూ వరసలో ఎదురుచూస్తున్నాయి. ఆమె మాత్రం గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

“నలభై ఏడు దాటవేం?” అన్నాడు సూపర్‌వైజరు గుమ్మంలోంచి.

“రోజూ ఉండే పెద్దాయన ఇవాళ లేడు సార్.”

“లిఫ్టులో ఎవరూ ఇరుక్కోకపోతే సంతోషించాలి గానీ ఏడుస్తావా? టిక్కు పెట్టు.”

ఆమె పెట్టలేదు. మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేసింది.

“బాబాయ్, నలభై ఏడు దగ్గరికి ఒక్కసారి వెళ్లవా? పదకొండింటికి లిఫ్టెక్కే పెద్దాయన ఎవరని వాచ్‌మన్‌ని అడుగు. ఎలా ఉన్నాడో చూడు.”

“లిఫ్టుకి జబ్బు చేస్తే పిలుస్తారు నన్ను. మనుషులక్కూడానా?” అని గొణిగాడే గానీ వెళ్లాడు.

అరగంట అరయుగంలా గడిచింది. ఫోన్ మోగగానే అందుకుంది.

“నువ్వు చెప్పడం మంచిదయిందమ్మా. అడగ్గానే వాచ్‌మన్ ఆయనెవరో చెప్పేశాడు. తలుపు కొడితే పలకలేదు. వాచ్‌మన్ దగ్గరున్న ఇంకో తాళంచెవితో తీశాం. తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడ్డాడట. తుంటి విరిగింది. అరిచే ఓపిక కూడా పోయింది పాపం. ఇప్పుడే అంబులెన్సు ఎక్కించాం. ప్రాణానికి భయం లేదన్నారు.”

ఆమె ఫోన్ పెట్టేయకుండానే బల్లమీద ఉంచింది. కళ్లు తుడుచుకుంటూ సూపర్‌వైజరుకి సంగతి చెప్పింది.

“అదృష్టవంతుడు,” అన్నాడాయన. “రోజూ సరిగ్గా మన కాల్ వేళకే ఆయనకి లిఫ్టుతో పని పడబట్టి తెలిసింది. కాకతాళీయం. సరే, ఆ కాగితమేదో ఇస్తానన్నావుగా, ఇటివ్వు. సంతకం పెట్టేస్తాను.”

నిజమే. ఆయన కిందికి దిగే వేళా, తను ఫోన్ చేసే వేళా కలిశాయి. అందులో తన గొప్పేముంది? రేపణ్ణించి మళ్లీ నూట పన్నెండు ఖాళీ డబ్బాలు. ఆమె సొరుగులోంచి కాగితం తీసింది. బాబాయ్ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

“బాబాయ్, ఆ లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు కదా! తుంటి విరిగిన మనిషిని అన్ని మెట్లూ ఎలా దింపారు?”

“మెట్లేమిటి తల్లీ?” అన్నాడు బాబాయ్. “ఆయనుండేది కిందే, గేటు పక్క వాటాలో.”