చల్లటి పరుపు

బిడ్డ తండ్రి కొట్టిన మొదటి దెబ్బకే నా ముందుపన్ను ఊడి చేతిలో పడింది. రెండో దెబ్బ తగిలి మానిటర్ నేలమీద భళ్ళుమంది.

"నా బిడ్డని చల్లబెట్టి చంపుతావటే, రాక్షసీ!"

పరుపు మీది పసికందును లాక్కుని చొక్కాలో దోపుకున్నాడు. సూది ఊడి బిడ్డ చేతినుంచి నెత్తురు కారింది.

పుట్టగానే ఊపిరాడని బిడ్డ. మెదడు దెబ్బతినకుండా మూడు రోజులు ఆ చల్లటి పరుపు మీదే ఉంచాలి. ఇప్పుడు వెచ్చబెడితేనే ముప్పు.

మిగిలిన పళ్ళతో అతని మణికట్టు కసిగా కొరికాను. పట్టు సడలగానే బిడ్డని అందుకున్నాను. కాపలావాళ్ళు వచ్చి అతన్ని గోడకేసి అదిమారు. బిడ్డని మళ్ళీ పరుపెక్కించి, సూది పెట్టాం.

వార్డులో ఏ పొరపాటు జరిగినా వెంటనే ఫారం నింపాలి. నోట్లో దూది కుక్కుకుని మొదలుపెట్టాను. 'తండ్రికి ముందే వివరించారా?' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆ పరుపు గురించి డాక్టర్లూ నర్సులూ ఒకళ్ళకొకళ్ళం గంటసేపు చెప్పుకున్నాం. అతనికి ఒక్కళ్ళమూ చెప్పలేదు.

'లేదు' అని రాశాను. తర్వాతి గడి తండ్రి వృత్తి.

"ఏం పని చేస్తావయ్యా?"

"ఇక్కడే సిస్టరమ్మా. కింద, మార్చురీలో." పరుపుకేసి చూశాడు. "పన్నెండేళ్ళుగా చల్లబడ్డవాళ్ళనే ఎత్తి పెడుతున్నా. ఒక్కళ్ళూ లేవలేదు."

అతన్ని వదలమన్నాను. నేను కొరకని చేతిని కడిగించి, బిడ్డ గుండెమీద పెట్టాను.

"చల్లగానే ఉంది," అన్నాడు.

కాసేపటికి, "కొట్టుకుంటోందమ్మా!"